హార్లన్‌గారింటి కాగితాలు

ధనానికి దానమూ, భోగమూ, నాశమూ అని మూడు గతులున్నాయని పెద్దలు చెప్పారు. కాగితాల సంగతి వాళ్ళు చెప్పలేదు గాని, మన ఇళ్ళలో వాటికీ మూడు గతులే: చెదపురుగు, చిత్తుకాగితాలవాడు, భోగిమంట. ఈ మూడింటినీ తప్పించుకుని నాలుగోతరం దాకా నిలిచిన కాగితం ఏదైనా వుందంటే, అది పొలం దస్తావేజో, తణఖా పత్రమో, చెల్లువేసిన ప్రోనోటో అయివుంటుంది. డబ్బుతో ముడిపడ్డ కాగితాన్ని మనం గుడ్డలో చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలకి కట్టుకుంటాం. మనిషితో ముడిపడ్డ కాగితాన్ని మాత్రం, ఆ మనిషి పోయి పెద్దకర్మ కాగానే, మంచం కింది నుంచి లాగి అవతల పారేస్తాం.

తాతగారు పెద్ద వకీలైతే ఆయన వాదించిన కేసుల సంగతి లా రిపోర్టుల్లో దొరుకుతుంది. జడ్జీ అయితే ఆయన తీర్పులు అచ్చులో వుంటాయి. మంత్రి అయితే ఆయన ఉపన్యాసాలు పత్రికల్లో వుంటాయి. కాని ఆ తీర్పు రాసేముందు రాత్రి ఆయన నిద్రపోయాడా, ఇంట్లో అన్నం సహించిందా, రాసింది ఎన్నిసార్లు చించేశాడు, ఇవేవీ లా రిపోర్టుల్లో వుండవు. అవి తెలియాలంటే మామ్మగారు రాసివుండాలి. మామ్మగారు రాసినా, మనం దాచివుండాలి.

ఈ వారం నేను చెప్పబోయేది అలా రాసిన ఒక మామ్మగారి సంగతి. ఆవిడ మన దేశపు మనిషి కాదు. అమెరికాలో, అంతర్యుద్ధం ముందునుంచీ పేరు మోసిన ఒక జడ్జీల, రాజకీయవేత్తల ఇంటి కోడలు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు అమెరికా జడ్జీలతో పనేమిటని అడుగుతారేమో. కాగితాలతో పని నాకు బాగా వుంది. మన పాతకవుల్లో చాలామంది ఇంటి జీవితం గురించి చాటువులూ, కట్టుకథలూ తప్ప మరేమీ మిగలని సాహిత్యాన్ని బోధించేవాణ్ణి నేను. గురజాడ అప్పారావుగారి డైరీలూ, ఉత్తరాలూ నిలిచాయి గనక ఆయన మనసులో ఏమి జరిగిందో కొంతైనా చెప్పగలుగుతున్నాం. లేకపోతే ఆయన గురించి కూడా చాటువులే చెప్పుకునేవాళ్ళం.

ఇక కథలోకి వద్దాం.

అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రం వుంది. దానికి ఉత్తరపు ఎల్లగా ఒహాయో నది పారుతుంది. అంతర్యుద్ధానికి ముందు ఆ నదికి ఆవల ఇండియానాలో బానిసత్వం లేదు; ఈవల కెంటకీలో వుంది. ఈవలి ఒడ్డున జేమ్స్ హార్లన్ అనే వకీలు వుండేవాడు. 1835 నుంచి 1839 దాకా అమెరికా కాంగ్రెసులో సభ్యుడు. తరవాత కెంటకీ ప్రభుత్వంలో కార్యదర్శి, అటార్నీ జనరలు. న్యాయశాస్త్రమంటే ఆయనకెంత గురి అంటే, 1833లో పుట్టిన కొడుక్కి అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ పేరే పెట్టుకున్నాడు. మనవాళ్ళు పిల్లవాడికి వెంకటేశ్వర్లని పెట్టుకున్నట్టే. దేవుడు మొక్కు విన్నాడు. ఆ జాన్ మార్షల్ హార్లన్ 1877లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయి, 1911లో చనిపోయేదాకా 34 ఏళ్ళు ఆ పీఠం మీదే వున్నాడు. ఆయన కొడుకుల్లో ఒకడు జేమ్స్, పోర్టోరీకో దీవికి అటార్నీ జనరలు; మరొకడు జాన్ మేనార్డ్, షికాగో నగర రాజకీయాల్లో మేయరు పదవికి పోటీచేసినవాడు. ఆ జాన్ మేనార్డ్ కొడుకు, తాతగారి పేరే పెట్టుకున్నవాడు, 1955లో మళ్ళీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. తాత కూర్చున్న న్యాయస్థానంలో మనవడు కూడా కూర్చోవడం, అదీ అదే పేరుతో, అక్కడ మరెక్కడా జరగలేదు.

ఇటువంటి ఇంట్లో కాగితాలకేమి కొదవ? గుట్టలుగా వున్నాయి. ఇవాళ వాటిలో ముఖ్యభాగం వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసులోనూ, మరికొంత కెంటకీలో లూయీవిల్ విశ్వవిద్యాలయం లా కళాశాలలోనూ భద్రంగా వున్నాయి. పార్టీ ఉత్తరాలు, కేసుల నోట్సు, యుద్ధం గురించి పెద్దాయన చివరి ఏడాది కొడుకు రిచర్డుకి రాసిన జ్ఞాపకాలు, అన్నీ వున్నాయి. అన్నట్టు, ఆ జడ్జీగారు పగలు కోర్టు చూసుకుని, సాయంత్రాలు లా కాలేజీలో పాఠాలు కూడా చెప్పేవాడు. 1897-98లో ఆయన చెప్పిన పాఠాలను ఇద్దరు విద్యార్థులు పొల్లుపోకుండా రాసిపెట్టారు, అవీ దొరికాయి. నా పాఠాలను అలా రాసుకునే విద్యార్థి ఇంతవరకూ నా కంటపడలేదు. అది వేరే సంగతి.

ఈ గుట్టలో ఒక టైపుకట్ట వుంది. అది జడ్జీగారు రాసింది కాదు. ఆయన భార్య మల్వీనా, ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1915లో కూర్చుని రాసిన జ్ఞాపకాలు. ఆ మరుసటి ఏడే ఆవిడా పోయింది. తన దీర్ఘ జీవితపు జ్ఞాపకాలు కొన్ని అని దానికి పేరు పెట్టుకుంది. 1854లో మొదలుపెట్టి 1911తో ముగించింది. 1854 అంటే, ఇండియానాలోని ఇవాన్స్‌విల్ వూళ్ళో, కిటికీలోంచి వీధిన పోతున్న ఆ యువకుణ్ణి ఆవిడ మొదటిసారి చూసిన ఏడు. 1911 అంటే ఆయన పోయిన ఏడు. అంటే ఆవిడ లెక్కలో జీవితమంటే ఆ రెండు తేదీల నడిమి కాలమే. ఇది చదివి ఆధునిక యువతులు ముఖం చిట్లించవచ్చు. కొంచెం ఆగండి.

1856 డిసెంబరులో వాళ్ళ పెళ్ళయింది. అమ్మాయికి 17 ఏళ్ళు, అబ్బాయికి 23. పెళ్ళికూతురి పుట్టిల్లు బానిసత్వం లేని ఒడ్డున. అక్కడి వాళ్ళు బానిసత్వాన్ని అసహ్యించుకునేవాళ్ళు. అత్తవారిల్లు ఆవలి ఒడ్డున. అక్కడ ఇంటినిండా బానిసలు. అమ్మాయిని సాగనంపుతూ తల్లి చెప్పిన మాటల్ని ఆవిడ అరవై ఏళ్ళ తరవాత కూడా గుర్తుపెట్టుకుని రాసింది. ఇతన్ని పెళ్ళాడేటంతగా ప్రేమించావు గనక, ఇకమీదట అతని ఇల్లే నీ ఇల్లు, అతనివాళ్ళే నీవాళ్ళు, అతని మేలే నీ మేలు, ఇంకొకటి నీకు లేదు అని ఆ తల్లి చెప్పిందట. మన అప్పగింతల పాటల్లో ఏ తల్లి చెప్పే మాటైనా ఇంతకు భిన్నంగా వుంటుందా? సముద్రాలు దాటినా అప్పగింతలు అప్పగింతలే.

అత్తవారింట్లో మామగారి సంగతి ఆవిడ రాసింది వినండి. ఒక ఆదివారం ఆయన కుటుంబంతో చర్చికి వెళుతున్నాడు. జాన్ అప్పటికి చిన్నవాడు. దారిలో ఒక వ్యాపారి బానిసల గుంపును కొరడా పట్టుకుని తోలుకుపోతున్నాడు. పెద్దాయన తిన్నగా వీధి మధ్యకు నడిచి, ఆ తోలుకుపోయేవాడి ముఖం మీద వేలు ఆడించి, నువ్వు పరమ నీచుడివని తిట్టి, మళ్ళీ వచ్చి చర్చికి నడిచాడు. మా నాన్న నోట బూతుమాటకు దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే విన్నానని జాన్ తరవాత చెప్పేవాడట.

ఎంత ధర్మాత్ముడనుకుంటున్నారు కదూ? చర్చి నుంచి తిరిగివచ్చాక ఆ పెద్దాయనకు భోజనం వడ్డించింది ఆయన సొంత బానిసలే. బానిసలను దయగా చూడాలన్నాడే గాని, విడిచిపెట్టాలనుకోలేదు. ఈ రెండు సంగతులూ ఆ కట్టలోనే వున్నాయి. కోడలు మామగారిని పొగుడుతూనే రాసింది. కాని రాయడమంటూ మొదలుపెడితే నిజం పక్కనుంచి జారిపడుతూనే వుంటుంది. కుటుంబ కాగితాల విలువ అక్కడే వుంది. పేరు నిలబెడదామని దాచిన కాగితమే అప్పుడప్పుడు పేరు వెనక వున్నదేమిటో చెప్పేస్తుంది.

కొడుకు సంగతి మరీ చిత్రం. 1859లో కాంగ్రెసుకు పోటీచేసినప్పుడు జాన్ హార్లన్ బానిసల యజమానుల హక్కుల తరఫున గొంతు చించుకున్నాడు. 67 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. 1861లో అంతర్యుద్ధం వచ్చింది. దక్షిణాది రాష్ట్రాలు విడిపోతామన్నాయి. కెంటకీ గోడ మీద పిల్లిలా కొన్నాళ్ళు కూర్చుని, చివరకు సమాఖ్య పక్షాన నిలిచింది. హార్లన్ కర్నలై సమాఖ్య తరఫున పోరాడాడు. 1863లో తండ్రి పోతే సైన్యం విడిచి వచ్చి కుటుంబ భారం నెత్తికెత్తుకున్నాడు. సమాఖ్య కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడినవాడే, బానిసలను విడిపిస్తానని లింకన్ ప్రకటిస్తే తప్పని వాదించాడు. బానిసత్వాన్ని రద్దుచేసే 13వ రాజ్యాంగ సవరణనూ వ్యతిరేకించాడు. 1865 డిసెంబరులో అది అమలులోకి వచ్చేదాకా తన ఇంటి బానిసలను విడిచిపెట్టలేదు.

తరవాత మనిషి మారాడు. యుద్ధం ముగిసినా కెంటకీ పల్లెల్లో రాత్రిళ్ళు ముసుగులు వేసుకున్న తెల్లవాళ్ళు నల్లవాళ్ళ గుడిసెల మీద పడి కొట్టడం, చంపడం చూశాడు. 1871లో గవర్నరు పదవికి పోటీచేస్తూ, నేను ఇదివరకు చెప్పింది వేరు, ఇప్పుడు చెబుతున్నది వేరు. మాట నిలకడకంటే న్యాయమైన మాట ముఖ్యమని బహిరంగంగా చెప్పాడు. ఎన్నికలో ఓడిపోయాడు. మాట మార్చే రాజకీయవేత్తలను మనం రోజూ చూస్తున్నాం. గెలుపు ఎటువుంటే మాట అటు మారుతుంది. ఓటమి వైపుకు మాట మార్చినవాణ్ణి చూడటం అరుదు.

1877లో ఆయన సుప్రీంకోర్టుకు వచ్చాడు. ఇప్పుడు సిరాబుడ్డి కథ.

ఈ కథకు ముందు ఇంకొక కథ చెప్పాలి. 1857లో, అంటే మల్వీనా కాపరానికి వచ్చిన కొద్ది నెలలకే, డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన దావాలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ ఆ తీర్పు రాశాడు. నల్లవాడు, బానిస అయినా కాకపోయినా, అమెరికా పౌరుడు కాజాలడు. అతనికి కోర్టుకెక్కే హక్కే లేదు అన్నది దాని సారాంశం. దేశాన్ని యుద్ధంలోకి నెట్టిన కారణాల్లో అదొకటి. యుద్ధం తరవాత చేసిన మూడు రాజ్యాంగ సవరణలు ఆ తీర్పును తుడిచిపెట్టాయి. తీర్పు పోయింది. టానీ వాడిన సిరాబుడ్డి మిగిలింది.

హార్లన్‌కు పాత వస్తువులంటే సరదా. సుప్రీంకోర్టులో ఆ సిరాబుడ్డి ఆయన కంటపడింది. అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. తరవాత ఒక విందులో టానీ బంధువర్గానికి చెందిన ఒక సెనేటరుగారి భార్య తటస్థపడితే, మాటల సందర్భంలో మీ పెద్దాయన సిరాబుడ్డి నా దగ్గరుంది, మీకు పంపిస్తాను అని మర్యాదకు మాట ఇచ్చేశాడు. మల్వీనాకు ఇది నచ్చలేదు. అంతటి చరిత్రగల వస్తువు చేయిజారి పోతుందా అనుకుంది. ఏమీ అనలేదు. గుట్టుచప్పుడు కాకుండా దాన్ని తీసి తన వస్తువుల్లో దాచేసింది. జడ్జీగారు వెతికి వెతికి, దొరకలేదని ఆవిడకు కబురు చేయవలసి వచ్చింది.

ఈ ఘట్టం చదివి వినిపిస్తే మా ఆవిడ, “ఇంట్లో వస్తువు అడగనివాళ్ళకి కూడా ఇచ్చేస్తామనడం మగవాళ్ళకి అక్కడా వుందన్నమాట!” అంది. మా ఇత్తడి గంగాళం సంగతి ఎక్కడ ఎత్తుతుందోనని నేను గబగబా తరవాతి పేజీకి వెళ్ళిపోయాను.

1883 వచ్చింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1875లో, కాంగ్రెసు ఒక చట్టం చేసింది. పూటకూళ్ళ ఇళ్ళలోనూ, బళ్ళలోనూ, రైళ్ళలోనూ, నాటకశాలల్లోనూ నల్లవాణ్ణి తెల్లవాడితో సమానంగా రానివ్వాలని దాని శాసనం. మన రాజ్యాంగం 15వ అధికరణం చదివినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు ఎవరికీ మూసివేయరాదని మనం 1950 నుంచి అమలు చేసుకున్నాం కదా, ఆ కోవకు చెందినదే. సుప్రీంకోర్టు 1883 అక్టోబరులో ఆ చట్టాన్ని కొట్టేసింది. 14వ సవరణ ప్రభుత్వాలను అదుపుచేస్తుందే గాని, హోటలు యజమానివంటి ప్రైవేటు మనుషులను అదుపు చేయదని ఎనిమిదిమంది న్యాయమూర్తులన్నారు. తొమ్మిదోవాడు హార్లన్. ఆయన ఒప్పుకోలేదు. తన అసమ్మతి తీర్పు తరవాత దాఖలు చేస్తానన్నాడు.

అనడమైతే అన్నాడు. రాయడం సాగలేదు. అంతకు ముందు ఏడాదే పెద్దకూతురు ఎడిత్ పసిబిడ్డను వదిలి కన్నుమూసింది, ఇల్లింకా తేరుకోలేదు. ఒకవైపు ఎనిమిదిమంది పండితులు, ఒకవైపు తాను ఒక్కడు. అందులోనూ ఒకప్పుడు బానిసలున్న ఇంటివాడు. రాత్రిళ్ళు నిద్రలేచి ఏదో ఒక మాట గీకి పెట్టుకునేవాడట. ఆలోచనలు వున్నాయి, వాక్యాలు రావు. రాతపనితో పరిచయమున్నవాళ్ళకు ఈ బాధ తెలుసు.

ఒక ఆదివారం ఉదయం ఆయన చర్చికి వెళ్ళాడు. మల్వీనా ఇంట్లో వుండిపోయింది. దాచిన సిరాబుడ్డి బయటికి తీసి, తుడిచి మెరుగుపెట్టి, నిండా సిరా పోసి, ఆయన బల్ల మీది తక్కిన సిరాబుడ్లన్నీ తీసేసి, ఇదొక్కటే కాగితాల ముందు పెట్టింది. ఆయన తిరిగి వచ్చాక, మీ గదిలో బల్ల మీద మీకు కాస్త వుత్సాహమిచ్చే వస్తువు పెట్టాను, చూసుకోండి అంది. దాచిన సంగతి కూడా చెప్పేసింది. ఆయన వెళ్ళి చూశాడు. నల్లవాడు పౌరుడే కాడని రాసిన కలాన్ని ముంచిన సిరాబుడ్డి అది. అందులోనే తన కలం ముంచాడు. ఆ తరవాత రాత ఆగలేదని ఆవిడ రాసింది.

రాసిందేమిటో కూడా తెలుసుకోవాలి, లేకపోతే ఇది వట్టి పిట్టకథ అవుతుంది. హార్లన్ వాదన ముఖ్యంగా ఇది: పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించడానికి కాంగ్రెసు చట్టాలు చేసినప్పుడు, ప్రైవేటు మనుషులను అదుపుచేసే అధికారం కాంగ్రెసుకు వుందని ఈ కోర్టే ఒప్పుకుంది. యజమాని హక్కు కాపాడటానికి వున్న అధికారం, విడుదలైన మనిషి హక్కు కాపాడవలసి వచ్చేటప్పటికి ఎక్కడికి పోయింది? టానీ కాలపు న్యాయాన్నే తీసి, టానీ సిరాతోనే తిప్పికొట్టాడన్నమాట. ఆ సిరాబుడ్డి బల్ల మీద పెట్టిన ఇల్లాలికి కేసు బాగా అర్థమయిందనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇందాక ముఖం చిట్లించిన యువతులు ఈ సంగతి గమనించాలి.

1896లో మళ్ళీ అదే ఘట్టం. లూయీజియానా రాష్ట్రంలో హోమర్ ప్లెసీ తెల్లవాళ్ళ రైలుపెట్టెలో కూర్చున్నాడని శిక్షించారు. వేరువేరు పెట్టెలైనా సమానంగా వుంటే చాలునని ఏడుగురు న్యాయమూర్తులన్నారు. హార్లన్ ఒక్కడే కాదన్నాడు. రాజ్యాంగానికి రంగు కనిపించదన్నాడు. ఈ తీర్పు డ్రెడ్ స్కాట్ తీర్పంత చెడ్డపేరు తెచ్చుకుంటుందన్నాడు. ఆయన మాట నెగ్గడానికి 58 ఏళ్ళు పట్టింది. 1954లో బడుల్లో తెలుపు నలుపు వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు గెలిచిన నల్లజాతి న్యాయవాది థర్‌గుడ్ మార్షల్, మనసు కుంగినప్పుడల్లా హార్లన్ రాసిన ఆ అసమ్మతి తీర్పు బిగ్గరగా చదువుకునేవాడని ఆయనతో పనిచేసిన కాన్‌స్టాన్స్ బేకర్ మాట్లీ చెప్పింది. ఆ తీర్పును ఎలా అమలు జరపాలో 1955లో నిర్ణయించిన తొమ్మిదిమందిలో హార్లన్ మనవడు కూడా వున్నాడు.

అలాగని హార్లన్‌ను దేవుణ్ణి చేసి పూజగదిలో పెట్టనక్కరలేదు. ఆ 1896 తీర్పులోనే చీనావాళ్ళను గురించి తేలికచేసి రాశాడు. అమెరికాలో పుట్టిన చీనా సంతతివాడు పౌరుడేనని 1898లో కోర్టు అంటే, కాదన్నవాళ్ళలో చేరాడు. 1899లో జార్జియా రాష్ట్రంలో ఒక పాఠశాలా సంఘం నల్లపిల్లల హైస్కూలు మూసేసి తెల్లపిల్లల హైస్కూలు నడిపితే, దానిలో కోర్టు కల్పించుకోదని తీర్పు రాసింది ఆయనే. మారిన మనిషి కూడా అన్ని వైపులా మారడు.

మల్వీనా కట్టకూ ఇలాగే ఒక గుడ్డిచూపు వుంది. అత్తవారింటి బానిసలను గురించి ఆవిడ ప్రేమగానే రాసింది. వాళ్ళు ఎంత విశ్వాసంగా వుండేవారో రాసింది. వాళ్ళ మనసులో ఏముండేదో ఆవిడకు తెలిసే అవకాశం లేదు. మరొక పెద్ద సంగతి ఆవిడ అసలు ఎత్తనే లేదు. ఆ ఇంట్లో రాబర్టు హార్లన్ అనే పిల్లవాడు పెరిగాడు. 1816లో బానిసగా పుట్టినవాడు. జేమ్స్ హార్లన్ అతన్ని బడికి పంపబోతే, రంగు కారణంగా బడివాళ్ళు వెనక్కి పంపారు. ఇంట్లోనే చదువు చెప్పించాడు. అతడు జేమ్స్ కొడుకేనని కొందరు చరిత్రకారులన్నారు, కాదని కొందరన్నారు. రాబర్టు పెద్దవాడై కాలిఫోర్నియా బంగారపు వేటలో డబ్బు సంపాదించి, పందెపు గుర్రాలను ఇంగ్లండుకు తీసుకుపోయి, తిరిగివచ్చి ఒహాయో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. జాన్ హార్లన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపాడు. ఆ ఉత్తరాలు కొన్ని జడ్జీగారి కాగితాల్లో నిలిచాయి. కోడలి కట్ట దాటవేసిన మనిషిని జడ్జీగారి ఉత్తరాల కట్ట పట్టిచ్చింది. ఒక కట్టే దాచి రెండోది తగలబెట్టివుంటే ఈ ఇంటి కథ సగమే మిగిలేది. అందుకే ఏది దాచాలో, ఏది పారేయాలో ఇంటివాళ్ళు మరీ తెలివిగా ఏరకూడదంటాను.

తగలబెట్టడమంటే గుర్తొచ్చింది. మనవడు హార్లన్‌కు సుప్రీంకోర్టులో హ్యూగో బ్లాక్ అనే సహ న్యాయమూర్తి వుండేవాడు. 1971 సెప్టెంబరులో ఇద్దరూ జబ్బుపడి, వారం తేడాతో పదవులు వదులుకున్నారు. ఆ ఏడే ఇద్దరూ పోయారు. బ్లాక్ తన కొడుకును పిలిచి, న్యాయమూర్తుల ఆంతరంగిక చర్చల మీద తాను రాసుకున్న నోట్సంతా తగలబెట్టించాడు. లోపలి మాట బయటికి పొక్కడం ధర్మం కాదని ఆయన అభిప్రాయం. మనవడు హార్లన్ కాగితాలు ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఇద్దరూ ధర్మాత్ములే. కాని ఇవాళ ఆ కాలపు కోర్టు సంగతి తెలుసుకోవాలనుకున్న విద్యార్థి ఎవరికి నమస్కారం పెడతాడో వేరే చెప్పాలా?

మల్వీనా కట్ట సంగతి ఏమైందంటే, దశాబ్దాల తరబడి లైబ్రరీలో భర్తగారి కాగితాల మధ్య పడివుంది. చరిత్రకారులు అప్పుడప్పుడు వచ్చి, జడ్జీగారి కోసం దాన్ని తిరగేసి, సిరాబుడ్డి కథ ఏరుకుని వెళ్ళేవారు. ఆవిడ కోసం ఎవరూ రాలేదు. 1993లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, పాత న్యాయమూర్తుల భార్యల గురించి ఉపన్యాసమివ్వబోతూ సామగ్రి వెతికించింది. భర్తల గురించి బీరువాలు నిండాయి. భార్యల గురించి దొరికింది బహు స్వల్పం. ఆ స్వల్పంలో ఈ కట్ట కనిపించింది. చదివి, ఇది అచ్చు కావాలని పట్టుపట్టింది. మొదట ప్రచురణకర్తలెవరూ ముందుకు రాలేదు. చివరకు 2001లో సుప్రీంకోర్టు చరిత్ర సంఘంవారు తమ పత్రికలో ఒక సంచిక మొత్తం దానికే కేటాయించి అచ్చువేశారు. అది చూసి పెద్ద ప్రచురణసంస్థ 2002లో పుస్తకంగా తెచ్చింది. రాసిన 87 ఏళ్ళకు మల్వీనా హార్లన్ రచయిత్రి అయింది.

హార్లన్ ఆ సిరాబుడ్డితో కుస్తీపడుతున్న రోజుల్లోనే ఇక్కడ మన రాజమహేంద్రవరంలోనూ ఒక ఇల్లు అటువంటి కుస్తీలోనే వుంది. 1881 డిసెంబరులో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం చేయించారు. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసి, వండి వడ్డించారు. ఈ సంగతి మనకు పంతులుగారు స్వీయచరిత్రలో రాశారు గనక తెలుసు. ఆవిడ బిందె దింపి ఒక్క క్షణం ఏమనుకున్నారో మాత్రం పంతులుగారికైనా ఎలా తెలుస్తుంది? అది ఆవిడ చెప్పవలసిన మాట.

మీ ఇళ్ళలో సుప్రీంకోర్టు జడ్జీలు లేకపోవచ్చు. గ్రామ మునసబుగారో, ప్లీడరు గుమాస్తాగారో, పంచాయతీ బోర్డు మెంబరుగారో, బడిపంతులుగారో వుండివుంటారు. వాళ్ళ ఉత్తరాలు నాలుగైనా వుంటే, కలరా ఉండలు వేసి ఒక రేకుపెట్టెలో పెట్టండి. పాత ఫోటోల వెనక పేర్లూ, సంవత్సరాలూ పెన్సిలుతో రాయండి. ఆ పేర్లు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇవాళ మీ ఇంట్లో పడకకుర్చీలో వుండివుంటారు. కొత్త తరం వాళ్ళు ఉత్తరాలన్నీ ఫోనుల్లోనే రాసుకుంటున్నారు. ఫోను మార్చినప్పుడల్లా ఒక పెట్టె తగలబడుతున్నట్టే లెక్క. కొన్నిటినైనా కాగితం మీదికి దింపండి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దవయసు ఆడవాళ్ళు ఎవరైనా వుంటే వాళ్ళకు ఒక నోటుపుస్తకం కొనిపెట్టండి. నాకేం వచ్చని రాయను అంటారు. మల్వీనా కూడా తన భర్త గురించి రాస్తున్నాననే అనుకుంది. తన గురించి రాసుకుంటున్నానని ఆవిడకు తోచనేలేదు. తప్పులుంటే దిద్దకండి. అత్తగారి మీద కోపం, తోడికోడలి మీద అసూయ, తాతగారి మీద ఫిర్యాదు ఏదైనా వుంటే కొట్టేయకండి. రాసింది ఇప్పుడే చదివి వినిపించమని అడగకండి. పుస్తకం నిండగానే రెండోది కొనండి.